ఒక్క మోతా, రెండు మోతలా? – రక్షణ శాఖ చరిత్ర విభాగానికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

రక్షణ మంత్రిత్వ శాఖ చరిత్ర విభాగం అధికారులకు, జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) అధికారులకు,

నమస్కారములు.

నేను విశాఖపట్నం వన్‌టౌన్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ఇక్కడి మున్సిపల్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. యుద్ధాల గురించి, దేశ చరిత్ర గురించి ప్రభుత్వం చెప్పే మాటను ఈ తరం నమ్మడం లేదని పెద్దలు సభల్లో, పత్రికల్లో బాధపడటం తరచు చూస్తున్నాను. చదివే అలవాటు పోయిందని, సెల్‌ఫోన్లలో తిరిగే పుకార్లే ఇందుకు మూలమని వారు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే తరగతి గదిలో పిల్లల ఎదుట నిలబడి జవాబు చెప్పలేకపోయినవాడిగా నాకు తెలిసిన కారణం మరొకటుంది: అడిగినవారికి దస్త్రాలు చూపించకపోవడం. 1942లో మా ఊరి మీద పడ్డ బాంబులు, 1971లో మా తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నేను ఎరిగిన ఉదాహరణలు. ఆ సంగతి దస్త్రాలు మీ అధీనంలో ఉన్న మీకే చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

అపనమ్మకం మా ఊరికి సెల్‌ఫోన్లతో రాలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీ సోమవారం జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిన నాటికే అది ఇక్కడ ఉంది. అప్పటికి మా మామ్మకు పద్దెనిమిదేళ్ళు, చంకలో మా పెద్దనాన్న. పెరట్లో బాదం చెట్టు కింద గొయ్యి తీసి ఇత్తడి గంగాళం, రెండు బిందెలు పాతిపెట్టి, ఎడ్లబండి కట్టించుకుని చోడవరం వైపు వెళ్ళిపోయారట. ఆమె ఆ కథ చెప్పినప్పుడల్లా చివరికి ఒకే మాట దగ్గర ఆగేది. వాళ్ళ వీధి నుంచి ఆ రోజు రేవులో పనికి వెళ్ళిన ఇద్దరు తిరిగి రాలేదు. తర్వాత పేపరు చదివి వినిపించమని మా తాతను అడిగితే, అందులో వాళ్ళ పేర్లు లేవు సరికదా, ఆ జాడే లేదట. "మరి వాళ్ళు ఏమయిపోయినట్టు?" అని ఆమె మమ్మల్ని అడిగేది, మేమేదో దాచిపెట్టినట్టు.

ఆనాడు భారత రక్షణ నిబంధనల కింద పత్రికల మీద సెన్సారు ఉన్న మాట నాకు తెలుసు. యుద్ధం నడుస్తూ ఉండగా రేవుకు ఎంత నష్టం జరిగిందో శత్రువుకు తెలియనివ్వకూడదన్న ప్రభుత్వ ఆలోచనను నేను తప్పుపట్టను. కాని ఆ సెన్సారు మాటలను మా ఊరి జనం నమ్మకపోవడానికి వారికి చాలినంత అనుభవం అప్పటికే ఉంది. ఉత్తరాంధ్రలో రంగం, అంటే బర్మా, వెళ్ళని కుటుంబం అరుదు. బర్మాలో మనవారిని కోరంగీలని పిలిచేవారన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. సింగపూరు కోటకు తిరుగులేదని దొరలు చెబుతూ ఉండగానే 1942 ఫిబ్రవరి 15న అది జపానుకు లొంగిపోయింది, మార్చి 8న రంగూను చేజారింది. అక్కడి నుంచి లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన బయలుదేరారు. దారిలో కలరాతో, ఆకలితో, జ్వరాలతో వేలకు వేలు రాలిపోయారు. తెల్లవారికి మేలైన దారి, నల్లవారికి వేరే దారి ఉండేదని ప్రాణాలతో వచ్చినవారు చెప్పారు. పేపర్లో ఒక రంగూను, ఇంటికి చేరిన మేనమామ నోట మరొక రంగూను. ఇక విశాఖ మీద బాంబులు పడ్డప్పుడు "భయపడవలసినది ఏమీ లేదు" అన్న మాటను ఎవరు నమ్ముతారు? మద్రాసు నుంచి ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకు తరలిపోతున్నాయి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు వెళ్ళిపోతోంది. అధికారులు కదిలిపోతూ జనాన్ని కదలవద్దంటే జనం వారి మాట వినరు, వారి కాళ్ళ వంక చూస్తారు.

మామ్మ జ్ఞాపకంలోనూ పొరపాట్లున్నాయని ఇక్కడే చెప్పాలి. విమానాలు మిడతల దండులా వచ్చాయని ఆమె చెప్పేది. వచ్చినవి ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన కొద్దిపాటి విమానాలు మాత్రమే. ఆ నౌకాబృందం అసలు పని బంగాళాఖాతంలో వాణిజ్య నౌకలను ముంచడం; ఆ కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా ఓడలు మునిగిపోయాయి. ఇవన్నీ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకుని ఆమెకు చెప్పాను. ఆమె విన్నది, కాదనలేదు. కాని ఆ ఇద్దరి సంగతి ఎక్కడైనా రాసి ఉందా అని మళ్ళీ అడిగింది. దాని కోసం నేను ఒక కార్యాలయానికి సెలవు పెట్టి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఫైలు వేరే చోటికి పంపారన్నారు, రెండోసారి దరఖాస్తు నమూనా మారిందన్నారు, మూడోసారి ఆ సంవత్సరం కట్టలు చెదలు తిన్నాయన్నారు. మూడు జవాబులూ ఒకే బల్ల వెనుక నుంచి, ఒకే మనిషి చెప్పినవి. మామ్మ పోయింది. ఆ బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకువెళ్ళి చూపించినప్పుడల్లా వాళ్ళు దాన్ని చుట్టి చూసి, ఎంతమంది చచ్చిపోయారు మాస్టారూ అని అడుగుతారు. నా చేతిలో ఉన్నది మామ్మ చెప్పిన ఇద్దరు మాత్రమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ప్రతి డిసెంబరులో పదో తరగతి పిల్లల్ని రామకృష్ణా బీచ్‌లోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గరకు తీసుకువెళ్ళడం నాకు అలవాటుగా ఉండేది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి మా తీరానికి దగ్గరలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడటానికి అది ఇక్కడికి వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ల వైపు పంపించి, అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా పాత డిస్ట్రాయరు యుద్ధనౌక రాజ్‌పుత్‌తో నాటకం ఆడించారు. రాజ్‌పుత్ రేవు దాటి వెళుతూ డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలే బాంబులు) వదిలింది, కొద్దిసేపటికే పెద్ద పేలుడు వినిపించింది, మర్నాడు జాలర్లకు సముద్రంలో తేలుతూ శకలాలు, లైఫ్ జాకెట్ దొరికాయి, డైవర్లు దిగి చూసి నిర్ధారించాక డిసెంబరు 9న ప్రకటన వెలువడింది. మన నౌకాదళం చెప్పే వృత్తాంతం ఇది, నేను పాఠంగా చెప్పిందీ ఇదే. అది తాను అమర్చిన మందుపాతరకే తగిలి మునిగిందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ అంటుంది. ఈ సంగతీ నేను దాచలేదు.

2011 డిసెంబరులో ఆ స్మారకం ముందు నిలబడి ఇదంతా చెబుతూ ఉంటే వెనుక వరుసలోని ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. జాలరిపేట పిల్లవాడు, మాట తక్కువ, లెక్కల్లో చురుకు. "మాస్టారూ, మా తాత మోత ఒక్కటే విన్నాడండి. డెప్త్ చార్జీలు వేస్తే ఆ చప్పుడు వేరే, జలాంతర్గామి పేలితే ఆ చప్పుడు వేరే కదండీ. రెండు మోతలుండాలి కదా" అన్నాడు. పిల్లలంతా నా వైపు తిరిగారు. నేను ఆ సాయంత్రమే వాడి వెంట జాలరిపేట వెళ్ళాను. తాతకు అప్పటికి అరవై దాటాయి. ఆ రాత్రి తాను ఇసుకలో వల బాగుచేసుకుంటున్నానని, కిటికీ తలుపులు కొట్టుకున్నంత మోత వినబడిందని, తెల్లవారాక తెప్ప మీద వెళితే నీళ్ళ మీద చమురు పొర కనిపించిందని, చేతికి అంటుకుంటే రెండు రోజులు వాసన పోలేదని చెప్పాడు. ఎవరు ముంచారో తనకు తెలియదన్నాడు. "నాను ఇన్నది ఒక్కటే బాబూ, అంతే సెప్తాను" అన్నాడు. ఆ మాటలో ఎవరినీ తప్పుపట్టే స్వరం లేదు. ఒక చప్పుడు విన్నవాడు ఒక చప్పుడు విన్నానని చెప్పాడు, అంతవరకే.

ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు చెప్పడం అసాధ్యమేమీ కాదు. రాజ్‌పుత్ లాగ్ పుస్తకం, తీరం మీద ఉన్న కాపలా కేంద్రాలు రాసుకున్న సమయాలు, డైవర్లు ఇచ్చిన నివేదిక, పైకి తెచ్చిన వస్తువుల జాబితా – ఇవి పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు చప్పుళ్ళకు మధ్య ఎన్ని నిమిషాల తేడా ఉందో, తీరం మీద ఉన్నవారికి ఒకటిగానే వినబడే అవకాశం ఉందో లేదో ఒక హైస్కూలు పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పవచ్చు. కాని అంతకు ముందు ఏడాదే, 2010లో, ఘాజీకి సంబంధించిన దస్త్రాలు నౌకాదళంలో ధ్వంసమైపోయాయని దేశమంతటా పత్రికల్లో వార్తలు వచ్చాయి. అది విన్న ఆ అబ్బాయి నన్ను అడిగిన రెండో ప్రశ్న, "గెలిచినవాళ్ళు తమ గెలుపు కాగితాలు ఎందుకు తగలబెట్టుకుంటారు మాస్టారూ?" దానికి నేను ఇచ్చిన జవాబు నాకే నచ్చలేదు. కార్యాలయాల్లో పాత కాగితాలు చోటు కోసం పారేస్తుంటారని, అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదని చెప్పాను. నిజంగానే అలా జరిగి ఉండవచ్చు. కాని ఎప్పుడు, ఎవరి ఆదేశం మీద, ఏ జాబితా ప్రకారం ధ్వంసం చేశారో మీలో ఎవరైనా ఒక పేజీలో ప్రకటించి ఉంటే, నేను ఊహించి చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. పండుగకు ఫోను చేస్తాడు. గత కొన్నేళ్ళుగా అతని మాటలు మారాయి. విక్రాంత్ కథ అంతా కల్పితమంటాడు. ఘాజీ అనేదే ఇక్కడ మునగలేదని, దాన్ని వేరే చోట ముంచి ఇక్కడ మునిగిందని చెప్పారని అంటాడు. 1962 చైనా యుద్ధంలో జరిగిందీ అబద్ధం, 1971లో జరిగిందీ అబద్ధం, పుస్తకాల్లో ఉన్నదంతా ఎవరో రాయించుకున్నదే అంటాడు. నేను వాదిస్తాను. జలాంతర్గామి మునిగిందని, అందులోని తొంభై మందికి పైగా సిబ్బంది ఒక్కరూ మిగలలేదని పాకిస్తానే ఒప్పుకుంటుంది కదా, యుద్ధం చేసిన రెండు దేశాలూ అంగీకరించే సంగతిని నువ్వెందుకు కాదంటున్నావని అడుగుతాను. మునిగిన మాట మీద వివాదం లేదు, ఎలా మునిగిందన్న ఒక్క అంశం మీదే ఉందని చెబుతాను. అతను కాసేపు ఆగి, "అయితే ఆ ఒక్కటీ ఎందుకు చూపించరు?" అంటాడు. మాట మళ్ళీ అక్కడికే వస్తుంది. లెక్కల్లో చురుకైన ఆ పిల్లవాడు ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్క, దొరికిన జవాబులన్నిటినీ కూడా వదిలేసుకున్నాడు. నాకు బాధ అక్కడే. అతన్ని మూర్ఖుడని తీసిపారేసే పెద్దల మాట నేను ఒప్పుకోలేను; అతని ఊహలనూ ఒప్పుకోను. దస్త్రం లేకపోవడం దేనికీ రుజువు కాదని అతనికి చెబుతూనే ఉన్నాను.

ఇది విశాఖ ఒక్కదాని సంగతి కాదని మీకు నాకంటే బాగా తెలుసు. 1971 యుద్ధం మీద మీ విభాగమే రాయించిన అధికారిక చరిత్ర 1992 నాటికే సిద్ధమైంది. మీరు ప్రచురించకముందే 2000లో ఒక పత్రిక ద్వారా బయటికి వచ్చింది. 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే సైనికాధికారులు ఇచ్చిన నివేదికను ఇంకా బయటపెట్టకూడదని, అందులోని విషయాలకు ఇప్పటికీ సైనిక ప్రాధాన్యం ఉందని 2010లో రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014లో దానిలో కొంత భాగాన్ని ఒక విదేశీ పాత్రికేయుడు తన వెబ్‌సైటులో పెట్టాడు. మన సైనికులు ఎలా ఓడిపోయారో మన పిల్లలు ఒక విదేశీయుడి దయ వల్ల తెలుసుకోవలసి వచ్చింది. హైదరాబాదు మీద 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తర్వాత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ సంఘం 27,000 నుంచి 40,000 మంది వరకు చనిపోయి ఉంటారని నివేదిక ఇస్తే, అది సామాన్యులకు అందుబాటులోకి రావడానికి 2013 దాకా పట్టింది. ఆ అరవై ఐదేళ్ళూ తెలంగాణలో ఒక పక్షం ఆ సంఖ్యను ఎన్నో రెట్లు చేసి చెప్పుకుంది, మరో పక్షం అసలేమీ జరగలేదని చెప్పుకుంది. ఇద్దరూ తమ తమ పిల్లలకు అవే నేర్పారు.

దేశ భద్రత అన్న కారణాన్ని నేను తేలికగా తీసుకోను. నౌకాదళం ఉన్న ఊళ్ళో బతికేవాడికి ఆ మాట విలువ తెలుసు. మా వీధిలో తూర్పు నౌకాదళంలో పనిచేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఇంట్లో కూడా చెప్పని సంగతులుంటాయి. యుద్ధం ముగిసిన పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో సంకేత పదాలు, కాపలా పద్ధతులు, ఏజెంట్ల పేర్లు దాచి ఉంచడం న్యాయమే. కాని ఆ రాజ్‌పుత్ 1976లోనే సేవ నుంచి తప్పుకుని ముక్కలైంది. ఆ విక్రాంత్ 2014లో పాత ఇనుము కింద పోయింది. ఘాజీ అయితే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా కట్టిన జలాంతర్గామి. వీటి ద్వారా నేడు ఏ శత్రువుకు ఏ రహస్యం తెలుస్తుందో నాకు అర్థం కాదు. నేతాజీ ఫైళ్ళ సంగతి చూడండి. వాటిని బయటపెడితే విదేశాలతో సంబంధాలు చెడిపోతాయని ఏళ్ళ తరబడి చెప్పారు. 2016 జనవరి 23న వంద ఫైళ్ళు బయటపెట్టారు. ఏ దేశంతోనూ సంబంధం చెడలేదు.

మీరు ఒక మంచి అడుగు వేసిన మాట కూడా ఇక్కడ చెప్పడం నా బాధ్యత. 25 ఏళ్ళు దాటిన దస్త్రాలను సాధారణంగా విడుదల చేయాలని, ఒక యుద్ధం ముగిశాక రెండేళ్ళలో సంఘాన్ని వేసి, అయిదేళ్ళలో దాని చరిత్ర తయారు చేయాలని 2021 జూన్‌లో రక్షణ శాఖ విధానం ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజు నేను దాన్ని కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను. అనుమతి లేకుండా ప్రభుత్వ దస్త్రాలను ధ్వంసం చేస్తే అయిదేళ్ళ దాకా జైలు విధించవచ్చని 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం చెబుతోంది. ఇరవై ఏళ్ళు దాటిన సమాచారాన్ని కొద్ది మినహాయింపులతో ఇవ్వవలసిందేనని 2005 నాటి సమాచార హక్కు చట్టం చెబుతోంది. చట్టం ఉంది, విధానం ఉంది. ఇక కావలసింది అభిలేఖాగారం బల్ల మీద పెట్టిన ఒక కట్ట.

కనుక మా ఊరి మేరకే అడుగుతున్నాను. ఘాజీ మునకకు సంబంధించి ఏయే దస్త్రాలు ఇంకా ఉన్నాయో, ఏవి ఎప్పుడు ఏ ఆదేశం మీద ధ్వంసమయ్యాయో తెలిపే జాబితాను ప్రకటించండి.  1942 ఏప్రిల్ నాటి దాడిలో రేవు దగ్గర చనిపోయినవారి వివరాలు, 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలై విశాఖ దాకా పాకిన నావికుల తిరుగుబాటు కాగితాలు ఢిల్లీలోనో చెన్నైలోనో ఉంటే, వాటి నకళ్ళను ఈ ఊరి గ్రంథాలయంలో ఎవరైనా వెళ్ళి చదువుకునేలా పెట్టించండి. మామ్మ వీధిలోని ఆ ఇద్దరి పేర్లు దొరికితే వాటిని చదవడానికి మామ్మ లేదు. మా పెద్దనాన్న ఉన్నారు, ఎనభై ఏళ్ళు దాటినా కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతారు.

చివరిది కాగితాలతో పనిలేనిది, ఖర్చు కూడా అంతగా లేనిది. ఆ రాత్రి తీరం మీద మేలుకుని ఉన్న జాలర్లలో కొందరు ఇంకా బతికి ఉన్నారు. నేను చెప్పిన తాతకు ఇప్పుడు డెబ్బై ఏడేళ్ళు. సముద్రంలోకి వెళ్ళడం మానేశాడు, చెవి కొంచెం మందగించింది, కాని 1971 డిసెంబరు గురించి అడిగితే గాలి ఎటు వీచిందో కూడా చెబుతాడు. మీ విభాగం నుంచి ఒక మనిషిని, ఒక రికార్డరును పంపించండి. నేనే వెంట ఉండి జాలరిపేటలో ఆ ఇంటికి తీసుకువెళతాను. ఆయన ఎదురుగా కూర్చుని, ముందుగా ఏమీ చెప్పకుండా, ఒక్క మోత విన్నారా, రెండు మోతలు విన్నారా అని అడిగి, ఆయన చెప్పినది చెప్పినట్టు రాసుకోండి. ఆయన మాట తప్పయితే తప్పని, రాజ్‌పుత్ లాగ్ పుస్తకంలోని సమయాలతో సహా పక్కనే రాయండి. ఆయన ఏమీ అనుకోడు. నాతో ఆయనే అన్నాడు, కాగితం చూపిస్తే ఒప్పుకుంటానని.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
వన్‌టౌన్, విశాఖపట్నం.